పరువు పోయిన పెద్దింటి కథ: ప్రేమ, సస్పెన్స్ కలిపి సీరియల్ నవల రాయడం ఎలా?

సీరియల్ రాయడం మొదలుపెట్టినవాళ్ళు తరచూ అడిగేది ఇదే. "ఒకప్పుడు బాగా బతికిన కుటుంబం, ఇప్పుడు ఊరంతా ఛీ కొడుతోంది. ఆ ఇంటమ్మాయి, ఆ ఇంటి మీద కోపంతో వచ్చిన అబ్బాయి. ఆరు భాగాలు గబగబా నడిచాయి. ఎనిమిదో భాగం దగ్గర కథ కదలడం లేదు. ఏం చేయాలి?"

ఇలా ఆగిపోయిన కథల్లో దాదాపు అన్నిటికీ ఒకటే జబ్బు. ఆ కుటుంబం పరువు ఎలా పోయిందో రాసేవాళ్ళకే వివరంగా తెలియదు. "నాన్న వ్యాపారంలో మోసం చేశాడట" అన్న ఒక్క మాట మీద నలభై భాగాలు నిలబడవు. మన ఊళ్ళలో పెద్దింటి పరువు పోయిందంటే ఎవరికో ఎంతో ఇవ్వాల్సి ఉందనే అర్థం. ఆ ఎవరో, ఆ ఎంతో లెక్క కట్టండి. సస్పెన్స్ ఆ లెక్కలోనే ఉంటుంది, ప్రేమకు అడ్డం కూడా అక్కడే దొరుకుతుంది.

కింద చెప్పేదంతా ఒకే కల్పిత ఉదాహరణ మీద నడుస్తుంది. భీమవరం వైపు ఒక ఊరు, ఒక రైస్ మిల్లు, మండువా లోగిలి, మిల్లు ఆఫీసు గదిలోనే నడిచిన చిట్టీలు.

ముందుగా దగ్గర పెట్టుకోవలసినవి

- 200 పేజీల లాంగ్ నోట్‌బుక్ ఒకటి. అందులో నాలుగు విభాగాలు: లెక్కలు, తేదీలు, ఇల్లు, "ఎవరికి ఏం తెలుసు".
- కథ జరిగే సంవత్సరాల క్యాలెండర్లు, పంచాంగం.
- ఒక ఖాళీ ప్రామిసరీ నోటు, ఒక పాత చిట్టీ పాస్‌బుక్, ఒక ఈసీ (ఆస్తి మీద రిజిస్టరైన లావాదేవీలు చూపే పత్రం) నకలు. ఊహించి రాయకండి, చేత్తో పట్టుకుని చూడండి.
- కొలత: 40 భాగాలు, ఒక్కోటి 1,300 పదాలు. మొత్తం 52,000. మొదటి నవలకు ఇంతకు మించి పెట్టుకోకండి.

1. అప్పుల పట్టిక రాయండి

మొదటి భాగం కన్నా ముందు రాయాల్సింది ఇదే. దీనికి రెండు మూడు రోజులు పట్టినా ఫర్వాలేదు.

మన ఉదాహరణలో ఒక్కొక్కటి 5 లక్షల చిట్టీ. 50 మంది సభ్యులు, 50 నెలలు, నెలకు 10,000. ఒక నెల ఒకరు పాటలో 3.5 లక్షలకే ఎత్తుకున్నారనుకోండి. మిగిలిన 1.5 లక్షల్లో ఫోర్‌మన్ (చిట్టీ నడిపేవాడి) కమీషన్, చిట్టీ మొత్తం మీద 5 శాతం చొప్పున, 25,000 పోతుంది. మిగతా 1,25,000ను 50 మందికి పంచితే తలా 2,500 డివిడెండ్. అంటే ఆ వాయిదాకు ఒక్కొక్కరు కట్టేది 7,500. సగటున 8,000 కడుతున్నారని వేసుకుందాం.

ఇలాంటి గ్రూపులు మూడు. 30వ పాట అయ్యాక తండ్రి కనిపించకుండా పోయాడు, బోర్డు తిప్పేశారని ఊరంతా గుప్పుమంది. ఇప్పుడు లెక్క చూడండి. గ్రూపుకు 20 మంది చొప్పున ఇంకా ఎత్తుకోనివాళ్ళు 60 మంది. ఒక్కొక్కరు కట్టింది 2.4 లక్షలు. మొత్తం 1.44 కోట్లు. ఎత్తుకున్నవాళ్ళు 90 మంది. వాళ్ళు ఇంకా కట్టాల్సింది తలా 20 వాయిదాలు, అంటే 1.6 లక్షలు. అదీ 1.44 కోట్లే!

చిట్టీ నిజాయితీగా నడిచి ఉంటే మధ్యలో ఆగినా లెక్క సరిపోతుంది. సరిపోలేదంటే ఎత్తుకున్నవాళ్ళలో కొందరు మనుషులే కారు. బినామీ పేర్లు. 90లో 40 బినామీలు అనుకోండి, అక్కడ మాయమైంది 64 లక్షలు. మీ సస్పెన్స్ ప్రశ్న దొరికింది: ఆ 40 పేర్లు ఎవరు రాశారు, ఆ డబ్బు ఎటు పోయింది?

ఇంకొకటి కూడా దొరికింది. మిగిలిన 50 మంది నిజమైన మనుషులు. డబ్బు ఎత్తుకుని, కంపెనీ మునిగిందన్న వంకతో కట్టడం మానేసినవాళ్ళు. అంటే వీధిలో ఆ ఇంటిని తిట్టేవాళ్ళలో 50 మంది ఆ ఇంటికే 80 లక్షలు బాకీ. నాయికకు ఇది 15వ భాగంలో తెలిసిందనుకోండి. ఊరితో ఆమె మాట్లాడే తీరే మారిపోతుంది.

చిట్టీలు వద్దనుకుంటే వేరే దారులున్నాయి: ఒకే స్థలాన్ని ఇద్దరికి అగ్రిమెంటు రాయడం, గుంటూరు వైపు కోల్డ్ స్టోరేజీలో లేని మిర్చి బస్తాల మీద బ్యాంకు అప్పు, అధిక వడ్డీ ఆశ చూపి తీసుకున్న డిపాజిట్లు. డిపాజిట్ల కథ అయితే ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 1999లో వచ్చిన డిపాజిటర్ల రక్షణ చట్టం చదవండి. ఆస్తుల జప్తు, ప్రత్యేక కోర్టు దాని కిందే వస్తాయి.

హెచ్చరిక: "వందల కోట్ల సామ్రాజ్యం" పెట్టకండి. వంద కోట్లు పోయాయంటే పాఠకులకు అంకె మాత్రమే కనిపిస్తుంది. 2.4 లక్షలు పోయాయంటే కూతురి పెళ్ళి ఆగిన ఇల్లు కనిపిస్తుంది.

2. అసలు జరిగింది తప్పు చేసినవాడి వైపు నుంచి రాయండి

పది వాక్యాలు చాలు. ఉదాహరణకు: ఫర్మ్‌లో భాగస్వాములు నలుగురు, తండ్రి, తల్లి, మేనమామ, గుమస్తా. మేనమామ రొయ్యల చెరువులు లీజుకు తీసుకున్నాడు. తెల్లమచ్చ వైరస్ తగిలి రెండు పంటలు పోయాయి. పెట్టుబడి కోసం బినామీ పేర్లతో పాట పాడించాడు. ఆ పేర్లు పుస్తకంలో ఎక్కించింది గుమస్తా. తండ్రికి తెలిసేసరికి 40 చిట్టీలు ఎత్తేశారు. భార్య తమ్ముడిని బయటపెట్టలేక నింద తన మీద వేసుకుని వెళ్ళిపోయాడు.

భాగస్వామ్య ఫర్మ్ బాకీలకు ప్రతి భాగస్వామీ బాధ్యుడే. ఏం సంతకం పెడుతున్నానో చదవకుండా పెట్టిన తల్లి కూడా. ఈ ఒక్క విషయం తల్లి పాత్రను ఏడుస్తూ కూర్చునే స్థితి నుంచి బయటికి లాగుతుంది.

3. ప్రేమకు అడ్డం, కేసుకు ఆధారం ఒక్కటే చేయండి

ఎక్కువ నవలలు చెడేది ఇక్కడే. ప్రేమ ఒక గదిలో, సస్పెన్స్ ఇంకో గదిలో నడుస్తుంటాయి. ప్రేమ భాగం వచ్చినప్పుడల్లా మిస్టరీ ఆగుతుంది, పాఠకులు పేజీలు దాటేస్తారు.

ముడి ఇలా వేయండి: నాయిక తండ్రిని నిర్దోషిగా నిలబెట్టే కాగితమే నాయకుడి ఇంటిని కూల్చాలి. మన కథలో నాయకుడు ఆ గుమస్తా కొడుకు. బినామీ పుస్తకంలో చేతిరాత అతని తండ్రిది. పైగా 40 పేర్లలో ఒకటి అతని తండ్రి పేరే, ఆ చిట్టీ డబ్బుతోనే ఇతను ఇంజనీరింగ్ చదివాడు. ఈ సంగతి అతనికి తెలియదు. ఇద్దరూ కలిసి నిజం వైపు వేసే ప్రతి అడుగూ వాళ్ళను విడదీసే అడుగే అవుతుంది.

నాయకుడికి వేరే ఉద్యోగాలు కావాలంటే బ్యాంకు రికవరీ ఆఫీసర్, అప్పులవాళ్ళ తరఫు లాయరు, డబ్బు పోగొట్టుకున్న ఇంటి కొడుకు, ముగ్గురూ పనికొస్తారు. పోలీసు ఆఫీసర్‌ను మాత్రం వద్దంటాను. అతనికి అధికారం ఉంది కాబట్టి కాగితాలు అడిగితే దొరుకుతాయి. నాయికకు వెతికే పని మిగలదు.

వెంటపడటాన్ని ప్రేమగా చూపించకండి. సస్పెన్స్ నవలలో వెనకాల వచ్చే మనిషి ఎవరైనా పాఠకులకు అనుమానితుడే. అతని మీద అనుమానం పుట్టించాలనుకుంటే కావాలనే వాడండి. లేకపోతే తీసేయండి.

4. తేదీలు, చట్టం సరిచూడండి

మన కథ తేదీలు: మొదటి పాట 2015 జూన్. 30వ పాట 2017 నవంబర్. తండ్రి కనిపించకుండా పోయింది 2017 డిసెంబర్. కథ మొదలయ్యేది 2024 జూన్. ఇలా వేయగానే చాలా సంగతులు వాటంతట అవే బయటికొస్తాయి.

- 18వ పాట 2016 నవంబర్‌లో పడుతుంది. ఆ నెల 8న పెద్ద నోట్లు రద్దయ్యాయి. నగదు మీద నడిచే చిట్టీ ఆ నెల ఎలా నడిచింది? ఎవరు పాత నోట్లు తెచ్చిచ్చారు? దీన్ని వదిలేస్తే ఆ రోజులు గుర్తున్న పాఠకులు మిమ్మల్ని వదలరు. వాడుకుంటే మంచి ఆధారం అవుతుంది.
- చిట్‌ఫండ్స్ చట్టం 1982 నాటిది. నలుగురు భాగస్వాముల ఫర్మ్ నడపగలిగే చిట్టీల మొత్తం అప్పట్లో 6 లక్షలే. 2019 సవరణలో అది 18 లక్షలైంది, కమీషన్ పరిమితి 5 నుంచి 7 శాతానికి పెరిగింది. అంటే 2015లో మూడు 5 లక్షల గ్రూపులు చట్టప్రకారం కుదరవు. ఒకటే రిజిస్టరైంది, మిగతా రెండూ చేతిపుస్తకం మీద నడిచాయి. బినామీలు 40 మందీ ఆ రెండింటిలోనే ఉన్నారు. రిజిస్టరైన చిట్టీకి పాట మినిట్స్ నకలు రిజిస్ట్రార్‌కు వెళుతుంది కాబట్టి ఆ గ్రూపు శుభ్రంగా ఉంది. "అక్కడ అంత పద్ధతిగా నడిపిన మనిషి ఇక్కడ ఇలా ఎందుకు చేస్తాడు?" అన్న అనుమానం నాయికకు ఇక్కడే మొదలవ్వాలి.
- పాత నేరానికి పాత ఐపీసీ సెక్షన్లే, మోసానికి 420, నమ్మకద్రోహానికి 406. 2024 జూలై 1 తర్వాత జరిగిన నేరానికి భారతీయ న్యాయ సంహిత వర్తిస్తుంది, మోసం 318, నమ్మకద్రోహం 316. మన కథ ఆ రెండు కాలాల మీదా నడుస్తుంది. లాయరు పాత్ర నోట తప్పు సెక్షన్ రానివ్వకండి.
- ఏడేళ్ళు ఆచూకీ లేకపోతే మనిషి చనిపోయినట్టు చట్టం భావిస్తుంది. పాత సాక్ష్య చట్టంలో అది 108, కొత్తదాంట్లో 111. మన కథలో 2024 డిసెంబర్‌తో ఏడేళ్ళు నిండుతాయి. ఆ రోజు కోసం ఎదురుచూస్తున్నది ఎవరు? కథకు గడువు ఇదే.
- ప్రామిసరీ నోటుకు కాలపరిమితి మూడేళ్ళు. మధ్యలో కొంత కట్టి నోటు వెనక చెల్లు రాయించి సంతకం పెడితే మళ్ళీ మూడేళ్ళు. కనిపించకుండా పోయిన తండ్రి సంతకంతో 2019 తేదీ చెల్లు ఒకటి బయటపడితే? ఫోర్జరీ అయినా కావాలి, ఆయన బతికైనా ఉండాలి. రెండూ కథను పరిగెత్తిస్తాయి.
- "నాన్న అప్పు కొడుకే తీర్చాలి" అని ఊరు అంటుంది. తండ్రి అప్పు తీర్చడం పుత్రధర్మం అన్న కారణంతో కొడుకు మీద కోర్టుకెక్కే వీలును హిందూ వారసత్వ చట్టానికి 2005లో వచ్చిన సవరణ, ఆ తర్వాత చేసిన అప్పుల విషయంలో తీసేసింది. ఊరు నమ్మేదానికీ చట్టం చెప్పేదానికీ ఉన్న ఈ తేడాను అన్నయ్య పాత్రకు ఇవ్వండి. తప్పించుకునే హక్కు ఉన్నా అతను తప్పించుకోకపోతే, అతని మీద గౌరవం పెరుగుతుంది.
- ఐపీ (దివాలా పిటిషన్) పెట్టడం కథలోకి తెస్తే ఒకటి గుర్తుంచుకోండి. ప్రతిఫలం లేకుండా రాసిచ్చిన ఆస్తిని, రాసిన రెండేళ్ళలోపు వేసిన పిటిషన్ మీద దివాలా ప్రకటన జరిగితే, కోర్టు రద్దు చేయగలదు. నాయిక పేరున ఉన్న ఇంటి దస్తావేజు తేదీని ఊరికే వేయకండి.

2022 ఏప్రిల్‌లో జిల్లాలు మారాయి. 2017 సన్నివేశంలో ఏలూరు పశ్చిమ గోదావరికి ముఖ్యపట్టణం, 2024 సన్నివేశంలో అది వేరే జిల్లా. ఆదివారం సబ్‌రిజిస్ట్రార్ ఆఫీసు తెరిపించడం, ఆషాఢంలో పెళ్ళి ముహూర్తం పెట్టించడం, మే నెలలో సివిల్ కోర్టులో వాదనలు నడిపించడం తరచూ కనబడే పొరపాట్లు.

5. ఇంటి ప్లాను గీయండి

మండువా ఇంట్లో సస్పెన్స్‌కు కావలసిన సామానంతా ఉంది. మధ్యలో ఆకాశం కనిపించే చదరం, చుట్టూ స్తంభాల వసారా. ఒక గది గుమ్మంలో నిలబడితే ఎదుటి గది కనిపిస్తుంది. వాన పడితే చప్పుడుకు పక్క మాట వినిపించదు. అటక, ఇనప్పెట్టె, పెరటి గుమ్మం, వీధి అరుగు ఎక్కడున్నాయో గుర్తు పెట్టండి. ప్లాను లేకపోతే 9వ భాగంలో తూర్పున ఉన్న వంటగది 22లో పడమటికి జరుగుతుంది, పాఠకులు పట్టుకుంటారు.

అప్పులవాళ్ళు కూర్చునే అరుగు మీద ఒక సన్నివేశం తప్పకుండా రాయండి. ఒకప్పుడు పంచాయితీలు చెప్పిన అరుగు అది.

6. పిలుపులు మార్చండి

పరువు పోయిందని తెలుగులో చెప్పడానికి వర్ణన అక్కర్లేదు. పిలుపు చాలు. 2017కు ముందు కిరాణా కొట్టతను "అమ్మాయిగారూ, మీరెందుకు వచ్చారు, కుర్రాడితో పంపేవాణ్ణిగా" అంటాడు. 2024లో "ఏమ్మా, పాత బాకీ సంగతేంటి?" అంటాడు. తండ్రి గురించి "బాబుగారు" అన్న నోళ్ళే "వాడు" అంటాయి. పేరంటానికి బొట్టు పెట్టి పిలవడానికి వచ్చిన ఆవిడ ఈ గుమ్మం దాటి పక్కింటికి పోతుంది. తల్లి గడప దగ్గర నిలబడి చూస్తుంది. ఇంతే రాయండి. కింద "ఆమె గుండె ముక్కలైంది" అని చేర్చారో, సన్నివేశం చచ్చిపోతుంది.

నోట్‌బుక్‌లో పట్టిక వేసుకోండి: ఎవరు, ఎవరిని, పతనానికి ముందు ఏమని, తర్వాత ఏమని పిలుస్తారు. మారని మనిషి ఒక్కరుండాలి. ఇప్పటికీ "బాబుగారు" అంటున్న మిల్లు హమాలీ మాట మీద పాఠకులకు నమ్మకం కుదురుతుంది, అతని చేత కీలకమైన ఆధారం చెప్పించవచ్చు.

ప్రేమికులకూ ఇదే సూత్రం. గుమస్తా కొడుకు చిన్నప్పుడు ఆమెను "మీరు" అనేవాడు. కోపంతో తిరిగొచ్చినప్పుడు కావాలని "నువ్వు" అంటాడు. నిజం తెలిశాక మళ్ళీ "మీరు" అంటాడు, అప్పుడు ఆ గౌరవమే దూరంలా తగులుతుంది. మళ్ళీ "నువ్వు" ఎక్కడ వస్తుందో ముందే నిర్ణయించుకోండి. రాశాక ఫైల్లో "మీరు", "నువ్వు" రెండూ వెతికి భాగాల వారీగా సరిచూడండి. నలభై భాగాల్లో ఇవి కలగాపులగం కాని మొదటి ప్రతి ఉండదు.

7. భాగాలు పంచండి

1–3: ఇప్పటి పరిస్థితి. ఫ్లాష్‌బ్యాక్ వద్దు. 4: మొదటి ఆధారం, ఎవరూ పట్టించుకోని చోట. 5–12: ఇద్దరూ ఒకే కాగితాల కోసం వేర్వేరు కారణాలతో వెతకడం. 13: తప్పు మనిషి మీద బలమైన అనుమానం. 20: బినామీ పుస్తకం దొరకడం, ప్రేమ బయటపడటం ఒకే భాగంలో. 28: పుస్తకంలో గుమస్తా పేరు. 29–33: విడివిడిగా. 38: అప్పులవాళ్ళ ముందు లెక్క చదవడం. 40: ఇద్దరి మధ్యా.

38వ భాగాన్ని పోలీసు అరెస్టుతో ముగించాలని అనిపిస్తుంది. వద్దు. 60 మందిలో ఒక్కరైనా లేచి "నా 2.4 లక్షలు ఎప్పుడిస్తారు?" అని అడగాలి, నాయిక దగ్గర అంకెతో జవాబుండాలి.

8. ఆధారాలు ముందే నాటండి

ప్రతి ఆధారం మూడుసార్లు కనిపించాలి: మొదటిసారి మామూలు వస్తువుగా, రెండోసారి తప్పు అర్థంతో, మూడోసారి అసలు అర్థంతో. చేతిరాతనే తీసుకోండి. 4వ భాగంలో నాయకుడి ఇంట్లో పాల లెక్క రాసిన క్యాలెండర్, అందులో "5" అంకెకు పొడవాటి తోక. 17లో ఆ తోక ఉన్న అంకె మిల్లు బిల్లు మీద, గుమస్తా కాబట్టి సహజమే అనిపిస్తుంది. 28లో బినామీ పుస్తకంలో.

ఈసీ తీస్తే అన్నీ బయటపడతాయని రాయకండి. ఈసీలో రిజిస్టరైన లావాదేవీలే ఉంటాయి. తెల్లకాగితం మీద రాసుకున్న చెరువు లీజు అందులో రాదు. "ఈసీ శుభ్రంగా ఉంది, కాబట్టి మేనమామ నిర్దోషి" అని నాయిక 14లో పొరబడటానికి ఇది చక్కగా పనికొస్తుంది.

9. భాగం చివర

తలుపు చప్పుడు, ఫోన్ మోగడం, కరెంటు పోవడం, ఈ మూడూ కలిపి నవల మొత్తంలో రెండుసార్లకు మించకూడదు. వచ్చే భాగంలో "పిల్లి" అని తేలే ముగింపు ఒక్కటి కూడా వద్దు. ఒక అంకె, ఒక పేరు, ఒక తేదీ తప్పుగా కనిపించి ఆగితే చాలు: "చెల్లు కింద తేదీ చూసింది. 2019 మార్చి."

రాశాక ఎలా సరిచూడాలి

ప్రేమ సన్నివేశాలన్నీ తీసేసి చదవండి. మిస్టరీ ఇంకా విడిపోతోందంటే ముడి పడలేదు, 3వ మెట్టుకు వెళ్ళండి. మిస్టరీ తీసేసినా జంట కలుస్తోందంటే అదే జబ్బు.

లెక్క కాగితాన్ని, నవల తెలియని వాళ్ళకిచ్చి కూడమనండి. 1.44 కోట్లు రాకపోతే ఎక్కడో అంకె మార్చి మరిచిపోయారు.

నిజం కుటుంబం ఏదైనా గుర్తుకొచ్చేలా ఉందా? ఊరు, వ్యాపారం, కులం, కుటుంబ సభ్యుల సంఖ్య, ఈ నాలుగింటిలో కనీసం మూడు మార్చండి. "పాత్రలన్నీ కల్పితం" అన్న ఒక్క వాక్యం పరువునష్టం కేసును ఆపదు. అప్పటికే నలిగిపోయిన ఇంటి పిల్లల్ని మళ్ళీ వీధిలో నిలబెట్టడం న్యాయమూ కాదు.

చివరగా, మొదటి 27 భాగాలు ఇద్దరికి చదవడానికివ్వండి. దోషి ఎవరో చీటీ మీద రాయమనండి. ఇద్దరూ మేనమామ పేరే రాస్తే 13వ భాగంలో అనుమానం సరిగా మళ్ళలేదు, అక్కడ తిరగరాయండి. ఇద్దరూ వేర్వేరు తప్పు పేర్లు రాస్తే 40 దాకా చదివించి, "ముందే తెలియాల్సింది" అన్నారా, "ఇది ఎక్కణ్ణుంచి వచ్చింది?" అన్నారా వినండి. రెండో మాట వస్తే 4, 17 భాగాల్లో ఆ తోక ఉన్న "5" కళ్ళకు ఆనలేదు. అక్కడ ఇంకో వాక్యం చేర్చండి.